అమ్మ గొంతు వింటేనే గడియ

మా చిన్నప్పుడు... హోసూరు పక్కన మూకండపల్లి వరస ఇళ్లలో ఒకే ఒక గది మాది. అమ్మ పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతూ బయట నిలబడి "గడియ పెట్టుకో పాపా" అనేది. నేను పీట ఎక్కి గడియ పెట్టేదాన్ని. ఆ చప్పుడు విన్నాకే అమ్మ చెప్పుల చప్పుడు దూరమయ్యేది.

ఎండాకాలం సెలవులు. నాన్న లారీ మీద ఏ ఊళ్లోనో ఉండేవాడు. అవ్వ సూళగిరి పక్క పల్లెలో ఉండేది. ఇంట్లో రెండో తరగతి అయిపోయిన నేను, ఇంకా బడి మొహం చూడని తమ్ముడు. "అంత చిన్నపిల్లల్ని ఒంటరిగా ఎలా వదిలారండీ" అని ఇప్పుడు అడుగుతారు... అడగడం సులువే. అమ్మ పనికి పోకపోతే మా పొయ్యిలో పిల్లి లేచేది కాదు.

ఒకరోజు ఐసు బండి గంట విని గడియ తీశాను. నేను ఐసు వైపు చూస్తుండగానే తమ్ముడు రోడ్డు మీదికి పరిగెత్తాడు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు బ్రేకు వేయబట్టి వాడు బతికాడు.

సాయంత్రం అమ్మకు తెలిసింది. ఇక నా వీపు విమానం మోతే అనుకున్నాను. కొట్టలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని కుడిచెయ్యి చాచింది.

"ఈడ చెయ్యి పెట్టి ఒట్టెయ్యి. ఎవురు పిలిచినా గడియ తియ్యకూడదు. నా గొంతు వింటేనే తియ్యాల."

"నువ్వు రాకపోతే?"

"రాకుండా యాడికి పోతానే... వస్తాను. అది నా ఒట్టు" అంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఒట్టంటే చేతికి అంటుకునే వస్తువు అనుకున్నాను. ఆ పూట కుడిచెయ్యి పిడికిలి విప్పకుండా ఎడమచేత్తో సంగటి తింటుంటే అమ్మ కసిరింది. కడిగితే ఒట్టు పోతుంది కదా అన్నాను. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ చేతిలో పోయినా నా చేతిలో ఉంటాది పో, కడుక్కో" అంది. అంతలా నవ్వడం మళ్లీ చూడలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు. మునియమ్మక్క... మా పక్క గదిలో ఉండేది, అమ్మతోపాటే ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్ మిషన్ల దగ్గర పని చేసేది.

"పాపా, తియ్యి! మీ అమ్మ చెయ్యి మిషన్లో పడినాది. బెంగుళూరు ఆస్పత్రికి తీసుకుపోతా ఉండారు. మిమ్మల్ని మీ అవ్వ కాడ దించాల, రాండి!"

తమ్ముడి నోరు మూసి మూలన కూర్చున్నాను. మునియమ్మక్క మంచిదని నాకు తెలుసు. కానీ అది అమ్మ గొంతు కాదు కదా... బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. "నీకేం పొయ్యేకాలమే, ఆడ మీయమ్మకి రగతం కారతా ఉండాది!" అంది. తమ్ముడు నా చెయ్యి కొరికాడు. అయినా తీయలేదు. చివరికి ఆమె మళ్లీ ఫ్యాక్టరీకి పరిగెత్తింది.

ఆ తర్వాతి సంగతి నేను పెద్దయ్యాక ఆమే చెప్పింది. అప్పటికి అమ్మను ఎక్కించిన వ్యాను గేటు దగ్గర బయలుదేరబోతోంది. పిల్లలు తలుపు తీయడం లేదని వినగానే అమ్మ "అది తియ్యదు. నేను పోతేనే తీస్తాది. వ్యాను తిప్పప్పా" అందట. డ్రైవరు కుదరదంటే దిగిపోబోయిందట.

నాకు తెలిసింది ఇంతే... బయట వ్యాను ఆగింది. తలుపుకు ఆనుకుని సన్నగా ఒక గొంతు.

"నేనే. తియ్యమ్మా."

తీశాను. అమ్మ కుడిచేతికి చుట్టిన గుడ్డంతా ఎర్రగా ఉంది. ఎడమచేత్తో మా ఇద్దరి తలలూ తడిమింది. మునియమ్మక్క మమ్మల్ని అవ్వ దగ్గరికి తీసుకుపోయింది. వ్యాను అమ్మను తీసుకుని బెంగుళూరు పోయింది.

ఇంకాస్త ముందు వచ్చుంటే వేళ్లు అతికించేవాళ్లమేమో అన్నారట డాక్టర్లు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఆ మిషన్ దగ్గర ఇంకో ఆవిడను నిలబెట్టారు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలు, మాట తప్పలేదు" అని నన్ను మెచ్చుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. పిల్లలకు మాట మీద నిలబడడం నేర్పుతాం... ఆ మాట ఎప్పుడు వదిలేయాలో నేర్పడం ఎవరికీ గుర్తుండదు.

అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు చేతి కట్టు చూసి నేను అడిగింది ఒకటే.

"అమ్మా, ఒట్టు పోయినాదా?"

అమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎడమచేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది.

"యాడికి పోతాది? నేను వచ్చినాను కదా" అంది.

ఇప్పుడు హోసూరులో మా అపార్ట్‌మెంటు తలుపుకు కెమెరా ఉంది. ఆఫీసులో కూర్చుని, ఎవరొచ్చారో ఫోనులో చూసి, తీయాలో వద్దో నా కూతురికి చెబుతాను. ఒట్లతో పని లేదు. దానికి ఒట్టంటే ఏంటో కూడా సరిగ్గా తెలియదు... మంచిదేనేమో.

అమ్మ మత్తూరులో తమ్ముడి దగ్గర ఉంటోంది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా బెల్లు నొక్కదు. తలుపుకు ఆనుకుని "నేనే. తియ్యమ్మా" అంటుంది. పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరిగెత్తుతాను.

మీ చేత మొదటిసారి ఒట్టు వేయించుకున్న చెయ్యి ఎవరిది? ఒకసారి చెప్పండి... ఆ చెయ్యి ఇప్పుడెలా ఉంది?