మొదటి హీటులో మొదటివాడు

మా తమ్ముడు ఆసియా దేశాల పోటీల్లో ఈదిన రోజు తమిళనాట మా తెలుగువాళ్ళున్న రాజపాళయంలో ఒక అబద్ధం దాదాపు గంటసేపు నిజంగా బతికింది. దాన్ని చంపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చంపలేదు. ఎందుకని అడిగితే పెద్ద కారణమేమీ లేదు, నాకు కడుపుమంట.

మా తోట చోళపురం దారిలో ఉంది. తోటలో నాలుగు వైపులా రాతికట్టడం ఉన్న పెద్ద బావి ఉంది. నాకు ఆరేళ్ళప్పుడు నాయన నా నడుముకు ఎండు సొరబుర్ర కట్టి అందులోకి తోశాడు. అయిదేళ్ళ తర్వాత అదే సొరబుర్ర కట్టి తమ్ముణ్ణి తోసింది నేను. వాడికి ఈత వచ్చాక నాయన గట్టు మీద కూర్చుని, చేతి గడియారం చూస్తూ, ఈ గోడ నుంచి ఆ గోడకు మా ఇద్దరికీ పందెం పెట్టేవాడు. ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి. అయిదేళ్ళు చిన్నవాణ్ణి ఓడించడంలో గొప్పేముందని ఇప్పుడు అనిపిస్తుంది కానీ అప్పుడు మాత్రం నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి.

నాకు పదహారో ఏడు నడుస్తుండగా మదురై నుంచి ఒక కోచ్ వచ్చాడు. ఇద్దరినీ బావిలో ఈదించి చూశాడు. నేనే ముందొచ్చాను. అయినా ఆయన నా భుజాలు పట్టుకుని చూసి, పెద్దవాడు ముదిరిపోయాడు, చిన్నవాణ్ణి పంపండి అన్నాడు. బజారులో బెండకాయ కొస విరిచి చూసి పక్కన పడేస్తారే, అలా. నాయన మారుమాట్లాడలేదు. మర్నాడే తమ్ముణ్ణి మదురై తీసుకెళ్ళాడు.

ఆ రోజు నుంచి మా నాయనకు ఒక్కడే కొడుకు. నేను చదువు అయిందనిపించుకుని, ఆసుపత్రులకు కట్టు గుడ్డ నేసే మిల్లులో సూపర్‌వైజర్‌గా చేరాను. ఎవరైనా చిన్నవాడి సంగతి అడిగితే నాయన పూటంతా చెప్పేవాడు. మీ పెద్దవాడేం చేస్తున్నాడని అడిగితే మాత్రం "వాడు ఉండాడు" అనేవాడు. నేను పక్కనే నిలబడి ఉన్నా అంతే.

నాయన ఎడ్లబండి పందాల మనిషి. మా వైపు పెద్ద ఎడ్లకొక పందెం, చిన్న ఎడ్లకొక పందెం విడివిడిగా పెడతారు. అరవంలో మాడంటే ఎద్దు, అందుకని పెద్ద మాడు, చిన్న మాడు అంటాం. బండ్లు మరీ ఎక్కువైతే ఒక్కో పందాన్నీ మళ్ళీ రెండు జట్లుగా విడగొట్టి పరుగెత్తిస్తారు. ఏ జట్టులో ముందొచ్చినవాడికి ఆ జట్టు బహుమతి అక్కడికక్కడే ఇచ్చేస్తారు, మెడలో దండ వేస్తారు, అంతటితో సరి. ఈ జట్టునూ ఆ జట్టునూ కలిపి ఎవరు తక్కువ సమయంలో వచ్చారని చూసే అలవాటే లేదు. లోకంలో ఎక్కడ ఏ పందెం జరిగినా ఇలాగే ఉంటుందని మా నాయన నమ్మకం.

తమ్ముడికి ఇండియా టీములో చోటు దొరికిందని తెలిశాక ఆయన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పెళ్ళిళ్ళకూ పంచాయితీలకూ మావాళ్ళందరికీ కలిపి ఒక చావడి ఉంది. దాన్ని ఆ రోజుకు అడిగి తీసుకున్నాడు. గోడంత తెర పెట్టించాడు. వంటవాళ్ళకు చెప్పాడు. తళవాయిపురంలో ఉన్న చుట్టాలందరికీ మొదటి బస్సుకే రమ్మని కబురు పెట్టాడు. ఆయనంటే భయంలేని మనిషి మా ఇంట్లో మా అత్త ఒక్కతే, నాయనకు అక్క. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఆవిడ మొహం మీదే అనేసింది. నాయన వినిపించుకోలేదు.

పందేనికి రెండు రోజుల ముందు తమ్ముడు పోటీలు జరిగేచోటి నుంచి నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నేను చెప్పేది కొంజం నిదానంగా విను. నన్ను రిలేకనే దా పిలుచుకొని వచ్చినారు. ఈ యాభై మీటర్ల ఫ్రీస్టయిల్‌కు ఊరికే పేరు ఇచ్చినారు. నా టైము సరిగ్గా పంపలేదు. అందుకని ఫస్ట్ హీటులో ఏసుండారు. అది మెల్లగా ఈదేవాళ్ళ జట్టు. దాని తర్వాత ఇంకా ఏడు హీట్లు ఉండాయి. అందరి టైమూ కలిపి చూసినాకే దా ఫైనల్‌కు తీసుకుంటారు. నాకు ఛాన్సే లేదు."

"శరి. ఇంకేమి?"

"నా పాత టైము కొట్టినా అంటే చాలన్నా నాకు. నాయన చావడిలో ఊరందరినీ కూర్చోబెడతా ఉండాడంట గదా. వద్దని చెప్పు. నేను చెప్తే భయపడతా ఉండానని అనుకుంటాడు. నువ్వు చెప్పినావంటే వింటాడు."

నేను చెబితే నాయన వింటాడని నమ్మేవాడు ప్రపంచంలో వాడొక్కడే. "చెప్తాలే" అన్నాను.

చెప్పాలనే బయలుదేరాను. ఆ మాట ఒట్టు పెట్టి చెప్పగలను. చావడి దగ్గరికి వెళితే ఫ్లెక్సు కడుతున్నారు. నన్ను చూసి నాయన "నిచ్చెన పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. మనిషి పైకెక్కి ఫ్లెక్సు విప్పాడు. అందులో నిక్కరుతో తమ్ముడు ఉన్నాడు, తెల్ల పంచెతో నాయన ఉన్నాడు, చనిపోయిన మా అమ్మ ఉంది, మా ఇంటి తెల్ల కుక్క కూడా చెవులు రిక్కించుకుని నిలబడి ఉంది. నేను లేను. రెండుసార్లు చూశాను, ఏ మూలైనా ఉన్నానేమోనని. కుక్కకున్న చోటు నాకు లేకపోయింది. చెప్పాల్సిన మాట అక్కడే మింగేశాను. ఆ రెండు రోజులూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నవాడిలా తిరిగాను.

పందెం పొద్దున పది గంటలకు. చావడిలో కింద కూర్చోవడానికి కూడా చోటు లేదు. నాయన ముందు వరుసలో కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. నేను స్తంభానికి ఆనుకుని, ఆయన మొహం బాగా కనిపించేచోట నిలబడ్డాను. తెరమీద ఈల వినిపించింది. బూరలాంటి మోత మోగింది, నీళ్ళలో దూకిన చప్పుడు. నాయన దవడ బిగుసుకుంది. పిడికిలి మోకాలి మీద గుద్దుకుంటున్నాడు, ఎద్దును అదిలించినట్టు నాలుకతో చప్పుడు చేస్తున్నాడు. పాతిక సెకన్లయినా గడిచాయో లేదో నోరు తెరుచుకుని పైకి లేచాడు, భుజం మీది తుండు గాల్లోకి విసిరాడు. తమ్ముడు ముందొచ్చాడని నాకు అలా తెలిసింది.

ఆ కేకలకు చావడి కప్పు లేచిపోతుందనుకున్నాను. నాయన ఒక్క అంగలో మైకు దగ్గరికి వెళ్ళాడు.

"ఫస్టు! నా కొడుకు ఆసియాలో ఫస్టు వచ్చినాడు!"

జనమంతా వీధిలోకి పరుగెత్తారు. శివకాశి పక్కనే ఉన్న ఊరికి టపాకాయలకు కొదవేముంది, వెయ్యివాలా మీద వెయ్యివాలా అంటించారు. మిల్లు యజమాని ఒకాయన, మావాళ్ళలో పెద్దవాడు, నాయనను కావలించుకుని జరీ శాలువా కప్పాడు. నాయన ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

ఖాళీ అయిన హాల్లో మా అత్త ఒక్కతే కాళ్ళు చాపుకుని ఇంకా తెర చూస్తోంది.

"ఏందిరా, మళ్ళీ దూకుతా ఉండారే?"

"అది వేరే పందెం, అత్తా."

"వీళ్ళు మనోడి కంటే బిరిన వచ్చినట్టు ఉండాదే."

"నీ కళ్ళకు అట్ల కనిపిస్తాది."

అత్త తెర వదిలేసి నా మొహం చూసింది.

అప్పుడైనా నాయనను పక్కకు పిలిచి చెవిలో చెప్పి ఉండొచ్చు. అప్పుడు చెబితే ఆ సిగ్గు ఆయన ఒక్కడికే తెలుస్తుంది. అరగంట ఆగితే వీధి వీధంతటికీ. ఇది తెలియక కాదు, బాగా తెలిసే ఆగాను. గుమ్మంలో నిలబడి, శాలువా కప్పుకుని అందరికీ దండాలు పెడుతున్న మా నాయనను చూస్తుంటే నాకు హాయిగా ఉంది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. పదహారేళ్ళప్పటి నుంచి నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు.

జనం మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నారు. పిల్లవాడితో మాట్లాడించండి, మేమూ వింటాం అన్నారు ఎవరో. రెండు మూడుసార్లు ప్రయత్నించాక ఫోన్ కలిసింది. నాయన స్పీకర్ పెట్టి, ఫోన్‌ను మైకుకు ఆనించి పట్టుకున్నాడు. తమ్ముడి గొంతు చావడి నాలుగు మూలలా, వీధిలో కట్టిన మైకు గొట్టాల్లోనూ మోగింది.

"నాయనా! చూసినావా నాయనా? నా టైము కొట్టేసినాను! ఇంతవరకు నేను ఇట్ల ఈదిందే లేదు!"

అంత సంతోషంగా వాడు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. జనం చప్పట్లు కొట్టారు. నాయన చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపాడు.

"శరి శరి. మెడల్ ఎప్పుడు మెళ్ళో ఏస్తారంట?"

"మెడలా? మెడల్ ఏంది నాయనా? అన్ని హీట్లూ కలిపి నేను ముప్పై ఏడోవాణ్ణి." ఆపైన మెల్లగా, "అన్న చెప్పలేదా?" అన్నాడు.

అంత మెల్లగా అన్న మాట కూడా వీధి చివరి దాకా వినిపించింది. తలలన్నీ నావైపు తిరిగాయి.

నాయన ఫోన్ కట్టేశాడు. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కప్పిన పెద్దాయన కుర్చీ మీద పెట్టాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టాలనే నా కోరిక, అందరిముందూ, పేరు పెట్టి తిట్టి మరీ. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు. మైకు దగ్గరికి వంగి "ఆకులు ఏయండి. అన్నం ఆరిపోతా ఉండాది" అన్నాడు.

అందరూ తిన్నారు. మటన్ బాగా కుదిరిందన్నారు. చేతులు కడుక్కునేచోట నుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. సాయంత్రానికల్లా టీ అంగళ్ళలో మా తమ్ముడికి కొత్త పేరు పెట్టేశారు, చిన్న మాడు అని.

పది రోజుల తర్వాత వాడు మదురై బస్సు దిగి ఇంటికొచ్చాడు. ఫ్లెక్సు ఇంకా వేలాడుతూనే ఉంది. విప్పుతామంటే నాయన ఒప్పుకోలేదు, వాడు చూసేదాకా ఉండనీ అన్నాడు. వాడు గుమ్మం ఎక్కుతుంటే అరుగు మీద కూర్చున్న నాయన పేపరు దించి, "రా రా. చిన్న మాడులో ఫస్టు" అన్నాడు. అంతే, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. తమ్ముడు సంచీ భుజం మార్చుకుని లోపలికి వెళ్ళాడు. వాడు మళ్ళీ బయలుదేరే వరకు ఆ మూడు రోజులూ నాయన వాడితో అన్న మాట అదొక్కటే. నాతో అదీ లేదు. ఇన్నేళ్ళకు మా ఇద్దరినీ సమానంగా చూశాడు.

మూడో రోజు మధ్యాహ్నం షిఫ్టు అయి నేను మిల్లు గేటు దాటుతుంటే వాడు సంచీతో చింతచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నా తలనిండా, మీసాలనిండా దూది పొట్టు. చెప్పాల్సిన సాకులు సిద్ధంగానే పెట్టుకున్నాను. మరిచిపోయినాను, నాయన వినలేదు, పనెక్కువ. వాడు అవేవీ అడగలేదు.

"అన్నా, నేను ఈదింది చూసినావా?"

"చూసినాను."

"ఎట్ల ఉండినాది?"

"బాగుండినాది."

"ఎన్నో లేన్లో ఉంటిని?"

పాతిక సెకన్లలో ఒక్క సెకను కూడా నేను తెర వంక చూడలేదు. వాడు నా మొహం చూసి, ఔనన్నట్టు తలూపి, జేబులోంచి ఫోన్ తీశాడు. తోటి ఈతగాడు మెట్లమీద నుంచి తీసిన వీడియో. ఇద్దరం తలలు దగ్గరపెట్టి చూశాం. మూడో లేన్. వాడు దూకాడు, చాలాసేపు పైకి రాలేదు, వచ్చేసరికే అందరికంటే ముందున్నాడు. చెయ్యి మీద చెయ్యి, ఎక్కడా తొట్రుపాటు లేదు, చివరికంటా ఒకే వేగం. గోడ తాకి, కళ్ళద్దాలు పైకి తోసుకుని బోర్డు వంక చూశాడు. టైము కనబడింది. రెండు చేతులతో నీళ్ళను టపటపా కొట్టి, పక్క లేన్లో ముక్కూ మొహం తెలియని కుర్రవాణ్ణి కావలించుకున్నాడు.

ఎంత బాగా ఈదావురా అనాలి. మాట రాలేదు.

"నువ్వే దా ఫస్టు చూడాలని ఎవరికీ పంపకుండా పెట్టుకొని ఉంటిని," అన్నాడు. "చూసినావు గదా."

బొటనవేలితో నొక్కి దాన్ని చెరిపేశాడు. తర్వాత ఫోన్‌లో చెరిపినవి చేరే చోటికి వెళ్ళి మరోసారి నొక్కాడు, అక్కడ కూడా లేకుండా. కోపమేమీ లేదు వాడి మొహంలో. అప్పుడు వచ్చింది నాకు మాట.

"ఇంకొక తూరి చూపించురా," అన్నాను.

"లేదన్నా," అని ఫోన్ జేబులో పెట్టుకుని, మదురై బస్సు వస్తుంటే చెయ్యెత్తాడు.