బొడ్డు మీద గడియారం

గడియారాలు బాగుచేసిన తాతకు నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. అయినా పొట్ట మర్దన చేసే నర్సును ఆయన ఇసుమంతైనా నమ్మడు. నూనె సీసా వాసన చూస్తాడు, ఆమె గోళ్లు చూస్తాడు, చెయ్యి ఎటు తిరుగుతోందో కళ్లద్దాలు సవరించుకుని మరీ చూస్తాడు.

“అమ్మాయ్, చెయ్యి ఎదురు తిప్పుతున్నావ్!”

“గడియారం ముల్లు తిరిగే వైపే కదా తాతగారూ!”

యాభై ఏళ్లు గడియారాలను వెనక మూత తీసి చూసిన మనిషాయన. వెనక నుంచి చూస్తే ముల్లును తిప్పే చక్రం ఎదురు వైపే తిరుగుతుంది; ఆ కళ్లకు అదే అలవాటు. చివరికి తన చేతి గడియారం తీసి బొడ్డు మీద పెట్టుకున్నాడు. ముల్లూ, ఆమె చెయ్యీ ఒకే వైపు తిరుగుతున్నాయి. ఇంతలో కడుపు గుడగుడలాడింది. తాత గడియారం పట్టుకుని గభాలున లేచి మరుగుదొడ్డి వైపు పరిగెత్తుతూనే వెనక్కి తిరిగి అరిచాడు.

“ఈ గడియారం మూత నేను లేనప్పుడు ఎవరు విప్పారు?”