ఎడమ చేతి వైపు తోలు

అక్క మొగుడు అన్న మాట ఇది: "పాటంతా మీ అక్క గొంతే వినబడతా ఉండాది బామ్మర్దీ. నువ్వు డోలక్ ఒళ్ళో పెట్టుకోని ఊరికే కూర్చున్నట్టుండావే."

ఈ మాట అన్నది నా కొత్త కారులో పాట వింటూ, ముందు సీట్లో కూర్చుని, నేను కొనిచ్చిన జామకాయ తింటూ. దానికి ఉప్పూ కారం అద్దించి ఇచ్చింది కూడా నేనే. కారు తోటపల్లి గూడూరు దాటి నెల్లూరు వైపు పోతోంది. వెనక సీట్లో అక్క ఉంది. అక్క ఏమీ అనలేదు.  నేను నెల్లూరు చేరేదాకా ఆ మాటను లోపల తిప్పుకుంటూనే ఉన్నాను.

ఆ పాట సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట మా సంఘం వాళ్ళం నెల్లూరులో ఒక స్టూడియోకు పోయి కొన్ని క్రిస్మస్ పాటలు రికార్డు చేశాం. పాడింది అక్క. డోలక్ నాది. అప్పట్లో మా మందిరంలో డోలక్ వాయించేది నేనొక్కడినే. తర్వాత కరెంటు మీద డోలక్, తబలా శబ్దాలు చేసే రిథమ్ ప్యాడ్ వచ్చింది. దాన్ని మందిరంలోకి తెచ్చిన రోజు సంఘ పెద్ద ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంక నువ్వు రెస్టు తీసుకోవచ్చన్నా" అన్నాడు. నేను రెస్టు అడగలేదు. అప్పటినుంచి నా డోలక్ బీరువా మీద దుప్పటి కప్పుకుని ఉంది. నేను వాయించేవాడినని చెప్పడానికి మిగిలింది పెన్‌డ్రైవ్‌లోని ఆ పాటలే. వాటిలో కూడా నేను లేనంటే ఇంకెక్కడున్నట్టు?

బావ అన్నది అబద్ధం కూడా కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కారు స్టీరియోలో నా కుడి చెయ్యి మాత్రం ఎవరో రేకు మీద గోటితో కొట్టినట్టు కొద్దికొద్దిగా వినబడుతోంది. ఎడమ చెయ్యి అసలు లేదు. డోలక్‌కు ఎడమ వైపు తోలు పెద్దది. దాన్ని కొట్టి, అరచేతి కింది భాగంతో నొక్కి జరిపితే గుమ్మని మొదలై లోపలికి దిగిపోయే శబ్దం వస్తుంది. వాయించడం తెలిసినవాడి పనితనమంతా అక్కడే. కుడి చేత్తో ఎవరైనా కొడతారు.

షోరూమ్‌లో ఒకసారి అడిగాను, ఈ కారుకు ముందు తలుపుల్లో రెండే స్పీకర్లున్నాయేమని. నీలం చొక్కా వేసుకున్న ఒకతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ఈ మోడల్ తీసుకునేవాళ్ళు పాటలు పెద్దగా వినర్లే సార్" అన్నాడు. ఆ 'లే' నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను రొయ్యల గుంటల దగ్గర, నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్లకు మోటార్లు బాగుచేసేవాణ్ణి. గుంట గట్టు మీద నిలబడి, నీళ్ళు చిమ్మే పది మోటార్లలో ఏ మోటారుకు బేరింగ్ పోయిందో చెవితో చెప్పగలను. అలాంటివాడికి శబ్దం అక్కర్లేదని ఆ నీలం చొక్కా తేల్చేశాడు.

బావ మాట అన్న పది రోజులకు నెల్లూరులో కార్ల సామాన్లు బిగించే ఒక షాపుకు పోయాను. బిగించేవాడు నా వయసు మనిషే, చెవి వెనక స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఉన్నాడు. లోతు శబ్దం పలికే సబ్‌ఊఫర్ పెట్టె కావాలన్నాను.

"పిల్లోళ్ళు అడిగినారా సార్?"

"నాకే."

అతను నన్నొకసారి, కారునొకసారి చూశాడు. చూసిన తీరు కూడా నేను మరచిపోలేదు.

కంపెనీ స్టీరియో సెట్టు మార్చొద్దని నా షరతు. అతను సరేనన్నాడు. "దాన్ని ముట్టుకోను సార్. సబ్‌ఊఫర్‌కు దాంట్లో వేరే దారి పెట్టలేదు వాళ్ళు. తలుపు స్పీకర్లకు పోయే తీగల్లోంచే పాట తీసుకోని, ఒక చిన్న కన్వర్టర్‌లో పంపించి, ఆంప్లిఫయర్‌కు ఇస్తా. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి." నాకు నచ్చింది. ఉన్నదాన్ని పీకి పారేయకుండా, పక్కన నిలబడి చెయ్యి కలిపే పద్ధతి. రిథమ్ ప్యాడ్ తెచ్చిన రోజు మా సంఘంలో ఈ పద్ధతి ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నానికి పని అయింది. ఆంప్లిఫయర్ సీటు కింద, పెట్టె డిక్కీలో. అతను తన ఫోన్లోంచి ఒక సినిమా పాట పెట్టాడు. సీటు అదిరింది. నంబర్ ప్లేటు టరటరమంది. దానికి రబ్బరు వాషర్లు వేయించాను. ఆ తర్వాత నా పెన్‌డ్రైవ్ పెట్టాను.

అక్క గొంతు వచ్చింది. కుడి చెయ్యి వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు. అంతకు ముందుకన్నా ఇంకా పలచబడినట్టు అనిపించింది.

"మీ పాటలో బేస్ లేదు సార్," అన్నాడతను. "పాత రికార్డింగులు ఇట్నే ఉంటాయి."

"ఉండాది."

"సినిమా పాటకు అదిరింది గదా? మరి దీనికెందుకు రాలేదంటారు?"

"వాయించినోణ్ణి నేను. ఉండాది."

అతను చెవి వెనక స్క్రూడ్రైవర్ సర్దుకున్నాడు. ఇంటికి పొమ్మని అనలేదు, అంతవరకు నయం. పాట ఆపొద్దని చెప్పి, నేను దిగిపోయి డిక్కీ తెరిచి పెట్టెకు చెవి ఆనించాను. అక్కడ ఉంది. గుమ్మని, జారుతూ, నా చెయ్యే. మళ్ళీ వచ్చి ముందు సీట్లో కూర్చుంటే లేదు. అంటే పెట్టె పలుకుతోంది, ముందుకు వచ్చేసరికి శబ్దం పోతోంది.

మా పనిలో మోటారుకు రెండు తీగలు తారుమారైతే ఏరియేటర్ వెనక్కి తిరుగుతుంది. కరెంటు సరిగ్గానే ఉంటుంది, మోటారూ మంచిదే, నీళ్ళు మాత్రం చిమ్మాల్సినట్టు చిమ్మవు. నాకు అదే అనుమానం వచ్చింది. పెట్టెకు ఇచ్చిన రెండు తీగలు అటుదిటు పెట్టి చూడమన్నాను.

"కరెక్టుగానే పెట్టినా సార్."

"పెట్టినావు. ఒకసారి మార్చి చూడు."

మార్చాడు. పాట మళ్ళీ మొదలైంది. అక్క గొంతు కింద ఎవరో వచ్చి చాప పరిచినట్టు నా ఎడమ చెయ్యి వచ్చి కూర్చుంది. తలుపు స్పీకర్లు గాలిని ముందుకు నెట్టినప్పుడల్లా పెట్టె వెనక్కి లాగుతూ ఉండింది ఇంతసేపూ. సినిమా పాటలోని లోతైన అదురు పెట్టె ఒక్కటే పలికేది కాబట్టి దానికి అడ్డు లేకపోయింది. డోలక్ రెండూ కలిసి పలకాల్సిన చోట ఉంది. అందుకని ఒకదాన్నొకటి తినేశాయి.

"తీగలు అటుదిటు పడినాయి," అన్నాడతను. 'వేశాను' అనలేదు, 'పడినాయి' అన్నాడు. తీగలు వాటంతటవే వచ్చి పడ్డట్టు. అయినా పని నేర్పు ఉన్న మనిషే. ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక అక్కనూ బావనూ కోడూరు సముద్రం దాకా తీసుకుపోతానన్నాను. నా ఉద్దేశం సముద్రం కాదని ముగ్గురికీ తెలుసు. బావ కారెక్కుతూనే వెనక్కి తిరిగి చూశాడు.

"డిక్కీలో ఏంది బామ్మర్దీ, ఐసు పెట్టెనా? చేపలు తెచ్చేదానికా?"

"కూర్చో బావా."

"మీ వాడు నా మీద పగబట్టినాడే," అన్నాడు అక్కతో.

"నువ్వన్న మాటకు పట్టడా?" అంది అక్క. ఆ రోజు కారులో అనాల్సిన మాట అది. ఆలస్యంగానైనా అంది.

ఊరు దాటి రెండు వైపులా గుంటలు వచ్చేదాకా ఆగాను. ఆపైన పాట పెట్టాను. ఎక్కువ పెంచలేదు. నా వాయింపు వినబడాలి గానీ అరవకూడదు. మొదటి చరణం అంతా బావ అద్దంలోంచి రోడ్డునే చూస్తున్నాడు. రెండో చరణంలో అతని వేళ్ళు మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. నేను చూడనట్టు చూశాను.

మూడో చరణం మొదట్లో నా ఎడమ చెయ్యి ఆలస్యంగా పడింది.

ఒక్క దెబ్బే. కానీ స్పష్టంగా వినబడింది. ఇన్నేళ్ళూ ఆ శబ్దమే లేని స్టీరియోల్లో విన్నాను, షాపులో మొదటి చరణంతో ఆపేసి బావ కోసం దాచాను కాబట్టి అక్కడొక తప్పుందని నాకే తెలియదు. ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఆ దెబ్బ పడేదాకా అక్క తన మాటను సాగదీసి పట్టుకుని ఉంది. వినేవాళ్ళకు అది పాటలోని సొగసు. ఆ మాట అక్కడ సాగుతుందనే అందరం అనుకున్నాం. మందిరంలో ఇప్పుడు పిల్లలు కూడా అట్లాగే సాగదీసి పాడతారు.

బావ నా వైపు తిరిగాడు. ఏదో అనబోతున్నాడని తెలుసు. అంతలో వెనకనుంచి అక్క అంది: "ఆ పొద్దు వీడి వేలు నలిగిపోయుండాది. ముందు రోజు మోటారు బెల్టులో ఇరుక్కునింది. గుడ్డ చుట్టుకోని వాయించినాడు. నొప్పికి చెయ్యి లేవలా. నేనే ఆగినా."

నాకు ఆ వేలి సంగతి గుర్తు లేదు. స్టూడియోవాడు మాకు టీ ఇవ్వకుండా తానొక్కడే తాగడం గుర్తుంది. ఆ గ్లాసుకు అంచు విరిగి ఉండడం గుర్తుంది. వేలు మాత్రం గుర్తు లేదు. స్టీరింగ్ మీద ఎడమ చెయ్యి చూసుకున్నాను. చూపుడు వేలి గోరు పక్కకు తిరిగి ఉంటుంది నాకు. పుట్టుకతోనే అంతేమో అనుకునేవాణ్ణి.

"నాకు చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే ఊరుకుంటావా? మళ్ళీ మొదట్నించి వాయిస్తా అంటావు. ఆ చేత్తో."

పాట అయిపోయింది. సముద్రం గాలి మొదలైంది.  బావ ఏమంటాడా అని ఎదురుచూశాను. ఈ ఒక్క మాట కోసమే బ్యాటరీ నుంచి డిక్కీ దాకా తీగ లాగించాను.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.

పెట్టాను. ఈసారి మొత్తం విన్నాడు. మూడో చరణం దగ్గర తాళం వేస్తున్న చేతిని అక్క ఆగినచోట తానూ ఆపి, నా దెబ్బతో కలిపి వేశాడు.

"వాయించినావులే," అన్నాడు.

'వాయించినావు' అని ఉంటే సరిపోయేది. ఆ 'లే' ఎందుకు? అక్కడే అడుగుదామనుకున్నాను. అడగలేదు, కారు ఇసుక దగ్గరికి వచ్చేసింది, అక్క దిగుతోంది.

ఇప్పుడు కూడా ఆదివారాలు వాళ్ళను ఇంటి దగ్గర దింపేటప్పుడు ఆ పాట పెడతాను. మూడో చరణం వచ్చేసరికి అక్క కిటికీలోంచి గుంటల వైపు చూస్తుంది. బావ మోకాలి మీద చెయ్యి ఆపుతాడు, వేస్తాడు. ఏమీ అనడు. అతను ఏమీ అనకపోవడం కూడా గుర్తుపెట్టుకుంటున్నాను.