పుస్తకంలో లేని మాయమ్మ

నేను రాసిన కథలు చదివి, “మనుషుల మనసు లోపలికి దూరి రాస్తారు మీరు” అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు సిగ్గేస్తుంది. వినయమనుకుంటారు వాళ్లు. వినయమూ కాదు, పాడూ కాదు. నాకు ఒక ఎండాకాలం గుర్తుకొస్తుంది, మా అత్త గుర్తుకొస్తుంది, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అప్పటికి ఇంకా రెండో ప్రపంచ యుద్ధం రాలేదు. నాకు పెళ్లయి ఏడాది. మాది మైదుకూరు, కడపలో మిషను బడి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నన్నిచ్చింది కోడుమూరు దగ్గర ఒక పల్లెకు. మా ఆయన ఆ ఊరి బడిలో అయ్యవారు. ఇంట్లో ఆయన, నేను, మా అత్త. నాలుగెకరాల మెట్ట చేను, ఒక జత ఎద్దులు. మామ లేడు. అత్తకు అక్షరం ముక్క రాదు. మాటలూ తక్కువే. ఆదివారం మా క్రైస్తవుల గుడిలో సాక్ష్యం చెప్పమని లేపితే అందరూ తమ పాపాలూ కన్నీళ్లూ పావుగంట సేపు చెప్పుకునేవారు. మా అత్త లేచి, “దేవుడు నడిపిస్తాండాడు, నేను నడుస్తాండా” అని కూర్చునేది. హాస్టల్లో చదువుకున్న దాన్ని కదా, ఈమెకు లోపల పెద్దగా ఏమీ లేదని నేను అప్పుడే తేల్చేసుకున్నాను.

వానలు పడకముందే విత్తనానికి శెనక్కాయలు ఒలిచి పెట్టుకోవాలి. మధ్యాహ్నాలు మా వసారాలో పేట ఆడవాళ్లు చేరేవారు. ఒలిచీ ఒలిచీ వేలి కొసలు పుండ్లు పడేవి, పొద్దు మాత్రం పోయేది కాదు. ఆ రోజుల్లో మా ఆయన స్నేహితుడొకాయన కోస్తా జిల్లాల నుంచి ఒక నవల తెచ్చిచ్చాడు. నవలలు చదివితే ఆడవాళ్లు చెడిపోతారని పాస్టరుగారు ప్రసంగాల్లో చెప్తుండేవారు. అందుకే దాన్ని బైబిలు ఉండే గూట్లో పెట్టనివ్వలేదు అత్త. ఖాళీ జొన్నల గంపలో పడేయించింది. అయినా, “కాయలొలిచేటప్పుడు సదువు, పని సాగుతాది” అంది. నన్ను ఒలవడం మానిపించి చదవడానికి కూర్చోబెట్టింది. అది కూడా దయేనని అప్పుడు నాకు తోచలేదు.

ఆ కథలో ఒక పిల్ల. మొదటి ప్రకరణంలోనే తల్లి చనిపోతుంది. పిల్లను ఏదో నది ఒడ్డున పెద్ద మేడకు కోడలిగా ఇస్తారు. అక్కడ అత్త రాచి రంపాన పెడుతుంది. పిల్ల పైకి ఒక్క మాటా అనదు, అన్నీ మనసులోనే. రెండు పేజీలు పొడుగున ఏదో తలపోస్తుంది, చివర “అని మనసులో అనుకొనెను” అని వస్తుంది.

మొదటి రోజే అక్కడ చిక్కొచ్చింది. మా పక్కింటి అక్కకు నోరెక్కువ. కాయ పట్టుకునే ఆగిపోయి, “మనసులో అనుకుంటే రాసినాయప్పకు ఎట్ల తెలిసె? ఆయమ్మే పోయి చెప్పిండాదా?” అంది. అందరూ నవ్వారు.

“రాసేవాళ్లకు తెలుస్తుందిలే అక్కా” అన్నాను, పెద్ద తెలిసినదాన్లాగా.

“దేవునికి తెలుస్తాది. ఇంగెవురికీ తెలీదు” అంది అత్త, తలెత్తకుండా.

ఆమెకు నవలంటే తెలియదు పాపం అనుకున్నాను. నాకు మాత్రం అంతా తెలిసినట్టు.

పుస్తకాన్ని అక్కడక్కడా చెదలు తినేశాయి. ఒకనాడు ఆ పిల్ల తలపోత మొదలైన చోటే పేజీ సగం లేదు. ఆపితే కథ తెగుతుందని ఆ సగం నేనే కల్పించి చదివాను. పుస్తకంలో ఉన్నట్టే “హృదయము”, “గృహము”, “కన్నీరే నాకు గతి” అని బరువుగా దంచాను. ఎవరూ కనిపెట్టలేదు. పైగా పక్కింటి అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. రుచి మరిగిన పిల్లి ఉట్టి వదులుతుందా? ఆ తరువాత చెదలు తినని చోట కూడా కల్పించడం మొదలుపెట్టాను. జొన్న రొట్టె తట్టడం సరిగా రాలేదని అత్త నన్నొక మాటంటే, ఆ మధ్యాహ్నం నది ఒడ్డు మేడలో ఆ పిల్ల వంటింట్లో కుమిలిపోయేది. నా కోపాలన్నీ ఆమె మనసులో పోసేదాన్ని.

అత్త వినేది. కాయలొలుస్తూ అప్పుడప్పుడు, “పాపం, శానా బాధపడతాండాది పిల్ల” అనేది. నాకు ఒళ్లు మండేది. పుస్తకంలో పిల్ల మీద ఇంత జాలి ఉన్నదానికి ఎదురుగా ఉన్న పిల్ల కనబడదా అని.

అంతలో మైదుకూరు నుంచి వచ్చిన ఒక పత్తి వ్యాపారి కబురు చెప్పాడు. మా అమ్మకు జ్వరం తగిలి తగ్గడం లేదని, మంచం దిగలేకుండా ఉందని. పోతానన్నాను. అత్త వసారా అంచుకు పోయి మబ్బు చూసింది. తరువాత, “కాయలొలిచేది అయిపోనీ, పోదువు” అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ ముసురుకొచ్చే మబ్బు, కొట్టంలో ఇంకా మిగిలిన కాయల కుప్ప, ఉన్న ఒక్క ఎద్దుల జత, ఇవన్నీ ఆమె తలలో తిరుగుతూ ఉన్నాయేమో. నాకేమి పట్టింది? కాయలకంటే మా అమ్మ తీసిపోయిందా అన్న ఒక్క మాటే నన్ను ముల్లులాగా గుచ్చింది. లోపలికి పోయి గంపలోంచి పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను.

ఆ రోజు నేను చదివింది ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “కన్నతల్లి ముఖమైనను చూడనీయని యీ గృహము గృహమా? యీ యత్త మానవియా? రాతిబొమ్మ కైనను కనికరము పుట్టునే! మాయమ్మ యాడనో మంచాన పడుండాది, నేను ఈడ” అని ఆగిపోయాను.

నోరు జారింది. మేడలో కాపురమున్న పిల్ల, నది నీళ్లు తాగే పిల్ల, మా మైదుకూరు పిల్ల లాగా “మాయమ్మ” అంది.

పక్కింటి అక్కే ముందు మాట్లాడింది. “అదేందే, ఆ పిల్లకి అమ్మ మొదటి దినమే సచ్చిపాయ గదా?” అంది. అన్న వెంటనే ఆమెకు అర్థమైంది. నా వంక చూసి, మా అత్త వంక చూసి, తల దించుకుంది. కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది.

“చెదలు తినేసిండాదక్కా, సరిగా కనపల్యా” అన్నాను. ఆ పేజీకి ఒక్క చిల్లి కూడా లేదు. నా పక్కన కూర్చున్నవాళ్లందరికీ అది కనబడుతూనే ఉంది.

సిగ్గంటే అది వరకు నాకు తెలిసింది వేరు. హాస్టల్లో తప్పు చదివితే వచ్చే సిగ్గు, కొత్తవాళ్ల ముందు వచ్చే సిగ్గు. ఇది అలాంటిది కాదు. అంతమందిలో నా గుడ్డలు నేనే విప్పుకుని నిలబడినట్టుంది. అన్ని రోజులూ ఆ మేడలో ఏడ్చింది ఎవరో, ఆ రాతి అత్త ఎవరో, అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది. మా అత్త తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే అత్తను భరించడం నవల నాకు నేర్పింది.

అత్త ఒడిలో ఉన్న పొట్టు దులుపుకుంది. “ఏమ్మే,” అంది, మామూలుగా రోజూ పిలిచినట్టే. “ఆ పిల్ల అనుకునేది రోజూ సదువుతాండావు. వాళ్లత్త ఏమనుకుంటాండాదో రాసిండ్లా?”

నేను పేజీలు తిప్పాను. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే వెతికాను. “అత్తగారు కసరెను”, “అత్తగారు గర్జించెను”, “అత్తగారు తలుపు వైచెను” అని ఉంది. పుస్తకం మొత్తంలో “అత్తగారు అనుకొనెను” అని ఒక్క చోట కూడా లేదు. ఆ రాసినాయన కోడలి మనసులో కాపురముండి, అత్త గుమ్మం కూడా తొక్కలేదు. సరే, ఆయన రాయలేదు. అన్ని పేజీలు కల్పించిన దాన్ని, నేనొక్క వాక్యం కల్పించలేనా? ఏడాదిగా ఒకే కుండలో కూడు తింటున్న మనిషి ఏమనుకుంటుందో అబద్ధానికి కూడా నాకు తెలియలేదు.

“రాయల్యా అత్తా” అన్నాను.

“ఓ” అంది. మళ్లీ కాయ అందుకుంది.

ఆ సాయంత్రం మా ఆయన బడి నుంచి రాగానే, “పొద్దున్నే బండి కట్టు. పిల్లను మైదుకూరికి తోలుకొని పో” అని చెప్పింది. కుప్పలో కాయలు ఇంకా సగం అట్లే ఉన్నాయి. తెల్లారేసరికి రొట్టెలు కాల్చి మూట కట్టింది. విత్తనానికని ఎంచిపెట్టిన శెనక్కాయ విత్తుల్లోంచి, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వని వాటిలోంచి, ఒక దోసెడు తీసి మా అమ్మకని గుడ్డలో కట్టిచ్చింది. కాళ్లకు మొక్కుదామని వంగితే, “మనం మొక్కేది దేవునికి” అని లేపింది. కర్నూలు దాకా బండి, ఆపైన మోటారు బస్సు. దారి పొడుగునా మా ఆయన ఏవేవో చెప్తున్నాడు, నాకొక్కటీ చెవికెక్కలేదు.

మా అమ్మ బతికే ఉంది. నన్ను చూసి ఏడ్చింది. కొంచెం తేరుకున్నాక ఆ గుడ్డమూట విప్పి, విత్తులను అరచేతిలో పోసుకుని చూసింది. “విత్తనం గింజలు గదా ఇవి. ఒలిచే కాలంలో కోడల్ని ఇడిసిపెట్టి, విత్తనం గూడా పంపిచ్చిండాదే. ఏమనుకొని పంపిచ్చెనో మహాతల్లి” అంది. నా వంక చూసింది, జవాబు కోసం.

“తెలీదుమా” అన్నాను. అంతకంటే నిజం నేను ఆ ఏడాదిలో ఇంకొకటి చెప్పలేదు.

అమ్మ లేచి తిరగగలిగాక వెనక్కి వచ్చాను. అప్పటికి వానలు పడ్డాయి, చేలో మొలకలు వచ్చాయి. పుస్తకం కోసం గంపలో వెతికితే లేదు. “గూట్లో సూడు, గంపలో పెడితే పురుగు తింటాది” అంది అత్త. బైబిలు పక్కనే ఉంది. పైన గుడ్డ కూడా కప్పి ఉంది.

“కడాకు ఏమైతాదో సదువు” అంది. కలుపులు ఇంకా రాలేదు, పని లేదు, పేట ఆడవాళ్లు మళ్లీ వసారాలో చేరారు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. చెదలు తిన్న చోట “ఇక్కడ లేదు” అని చెప్పి దాటిపోయాను. చివర్లో అత్తగారికి జబ్బు చేస్తుంది, కోడలు సేవ చేస్తుంది, అత్తగారు చచ్చిపోతుంది, మేడ తాళాలు కోడలి కొంగుకు చేరుతాయి. పక్కింటి అక్క, “పీడ ఇరగడాయ” అని మెటికలు విరిచింది. అందరూ లేచారు.

మా అత్త ఒక్కతే కూర్చుని ఉంది. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, చదువు రాని ఆ చేతులతో చివరి పేజీలు ఒకటొకటే తిప్పింది.

“ఆయమ్మ కడాకు గూడా ఏమీ అనుకోకుండానే సచ్చిపాయ” అంది.

పుస్తకం తిరిగి నాకిచ్చి, గొడ్లకు నీళ్లు పెట్టడానికి లేచింది. నువ్వేమనుకున్నావత్తా అని నేను ఆ పూట అడగలేదు. ఆమె ఆ తరువాత చాలా కాలం బతికింది, అప్పుడూ అడగలేదు.