తెలియని రుచుల ఆదివారాలు

మా అక్క రోజారాణి ముక్కుతో బతికిన మనిషి. జీడిమెట్లలో ఒక మసాలా పొడుల కారఖానాలో వాసన చూడటమే ఆమె ఉద్యోగం. సాంబారు పొడి, కూర కారం, చికెన్ మసాలా, ఏది తయారైనా సంచుల్లోకి వెళ్ళే ముందు ఒక పళ్ళెంలో ఆమె ముందుకు వచ్చేది. చిటికెడు తీసి అరచేతిలో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకునేది. ఆమె తల ఊపితేనే లారీ కదిలేది. ధనియాలు కాస్త ఎక్కువ వేగినా, జీలకర్రలో పాత సరుకు కలిసినా అక్కడే ఆగిపోయేది.

ఒక పళ్ళేనికీ ఇంకో పళ్ళేనికీ మధ్య మోచేతి మడతలో ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చేది. మన ఒంటి వాసన మనం చూసుకుంటే ముక్కు మళ్ళీ ఖాళీ అవుతుందట. ఆ పని కోసం ఆమె పౌడరు రాసుకోలేదు, అత్తరు జోలికి పోలేదు. మల్లెపూలు ఆదివారం మాత్రమే పెట్టుకునేది. మోచేతి అలవాటు ఇంట్లో కూడా ఉండేది. చారు ఎలా ఉందో చూడమంటే ముందు మోచేయి ఎత్తేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆమె ముఖం నాకు సరిగా గుర్తుకు రావడం లేదు. మడిచిన మోచేయి, దానికి ఆనించిన ముక్కు, వాటి వెనక సగం మూసిన కళ్ళు వస్తాయి. మిగతాది రాదు.

మాది ఏలూరు. ఉద్యోగం కోసం ముందు అక్క వచ్చింది, అమ్మ పోయాక నేను వచ్చాను. ఇద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఎవరి కారణాలు వాళ్ళవి, వాటిని ఒకరినొకరం అడగలేదు. మేడ్చల్‌లో కొత్తగా వేసిన కాలనీలో ఒక ఇంటి పై వాటాలో ఉండేవాళ్ళం. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసుకునేదాన్ని. గౌడవెల్లి నుంచి దుర్గాబాయి పనికి వచ్చేది. ఆమె భర్త జంగయ్య ఆటో నడిపేవాడు. అక్కను జీడిమెట్లకు తీసుకెళ్ళి తీసుకొచ్చేది అతనే.

కరోనా రెండోసారి ఊరంతా చుట్టేసినప్పుడు మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాకు తగ్గిపోయింది. అక్కకూ తగ్గింది, కానీ ముక్కు తిరిగి రాలేదు. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి తెలిసేవి. మిరపకాయ మంట తెలిసేది. ఆ మంట ఏ కూరలోదో తెలిసేది కాదు. నెలలో వస్తుందన్నారు, ఆర్నెల్లలో వస్తుందన్నారు. తర్వాత అనడం మానేశారు.

ఆమె ఈ సంగతి చెప్పకుండానే కొన్నాళ్ళు కారఖానాకు వెళ్ళింది. రంగు చూసి, వేళ్ళ మధ్య నలిపి, ఇన్నేళ్ళ అనుభవంతో తల ఊపింది. ఒకరోజు మెంతులు మాడిన పొడికి కూడా తల ఊపింది. సరుకు వెనక్కి వచ్చింది. ఎవరూ ఆమెను అనుమానించలేదు, వేయించేవాడిని తిట్టారు. అక్క అదే సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్ళి తన ముక్కు పోయిందని చెప్పి, తన పళ్ళెం తాను కడిగి బోర్లించి వచ్చేసింది.

ఇంట్లో ఉంటే వంట చేసుకుంటుంది, మెల్లగా కుదుటపడుతుంది అనుకున్నాను. ఒక ఉదయం నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. అక్క, పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి చూడకుండా, వంటింట్లోనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అప్పుడే వచ్చిన దుర్గాబాయి గుమ్మం దగ్గర చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరిగెత్తి గ్యాస్ కట్టేసి కిటికీలు తెరిచింది.

"ఇల్లంత గ్యాస్ వాసనొస్తాంది గదమ్మా. నడుమల గూసున్నవు, నీకు వస్తలేదా?" అంది.

అక్క తన చేతిలోని చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టి లేచి వెళ్ళింది. ఆ తర్వాత పొయ్యి ముట్టుకోలేదు.

నేను వండేదాన్ని. ఆమె రెండు ముద్దలు తిని లేచేది. బలవంతం చేస్తే ఒకసారి అంది, "నీ వంటకేం కాలేదే. పప్పు ఎలా ఉండాలో నాకు తెలుసు కదా. నోట్లో పెట్టుకుంటే అమ్మ ఫొటో నమిలినట్టుంది."

బరువు తగ్గిపోతోంది. మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి. ఆమెను ఎలా తినిపించాలో తెలియక ఒక ఆదివారం కొంపల్లి వైపు బట్టల దుకాణానికని తీసుకెళ్ళి, పక్కనే కనిపించిన కొరియా హోటల్లో కూర్చోబెట్టాను. గిన్నెలో అన్నం, దాని మీద వేరువేరుగా కూరలు, ఒక గుడ్డు, ఎర్రటి ముద్ద. అక్క స్పూనుతో కలుపుకుంది. తింది. ఇంకా తింది. గిన్నె అడుగు కనబడేదాకా తింది. నేను ఏమీ అడగలేదు, అడిగితే ఆపేస్తుందేమోనని.

ఆటోలో ఎక్కాక తనే చెప్పింది. ఇది ఎలా ఉండాలో ఆమెకు తెలియదు. కాబట్టి ఇందులో ఏం లేదో తెలియలేదు. మెత్తన, కరకర, చల్లన, వేడి, పులుపు, ఉన్నది ఉన్నట్టు తినగలిగింది. తెలిసిన తిండిలో మాత్రం లేనిదే కనిపిస్తోంది.

అలా మొదలయ్యాయి మా ఆదివారాలు. ఎప్పుడూ తినని వంట ఎక్కడ దొరుకుతుందా అని వారమంతా వెతికేదాన్ని. థాయ్, వియత్నాం, లెబనాన్, మెక్సికో. ఒకచోట టిబెట్ వాళ్ళ నూడుల్స్ చారు. మేడ్చల్ రోడ్డులో అడుగడుగునా అరబ్బుల పలావు పెట్టే మండీ హోటళ్ళున్నాయి కానీ వాటిలోకి వచ్చేది కాదు. అందులో లవంగం, యాలక్కాయ ఉంటాయి, అవి తన పాత స్నేహితులు, ముఖం తిప్పుకుని కూర్చుంటాయి అనేది.

జంగయ్య మొదట్లో బయట ఆటోలో కూర్చునేవాడు. అక్క ఒప్పుకోలేదు. మనం లోపల తింటుంటే అతను ఎండలో కూర్చోవడమేమిటని లాక్కొచ్చింది. మూడో కుర్చీ అతనిదైంది. అతనికి ఒక్క వంటా నచ్చలేదు, ఒక్క ఆదివారమూ మానలేదు. థాయ్ కూర నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "పాయసంల పచ్చిమిర్చి ఏసిండ్రు మేడం, ఎవరి మీద కోపమో" అన్నాడు. అక్క నవ్వింది. జ్వరం తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ బల్ల దగ్గర అక్క ఒక నియమం పెట్టింది. ప్రతి వంటా నేను ముందు తిని దాని వాసన ఎలా ఉందో ఆమెకు చెప్పాలి. 'బాగుంది' అనే మాట వాడకూడదు. మొదటిసారి నోరు జారితే స్పూను కింద పెట్టేసింది.

"బాగుందంటే ఏమిటే? మా కారఖానాలో ఆ మాటన్నవాణ్ణి మర్నాడు ప్యాకింగుకి పంపేవాళ్ళు. ఏముందో చెప్పు."

నిమ్మగడ్డి గురించి చెప్పడానికి ఒక పూట పట్టింది. నిమ్మాకు నలిపిన వేళ్ళను తడి గడ్డిలో తుడుచుకున్నట్టు ఉందన్నాను. ఆమె కళ్ళు మూసుకుని, మోచేతిలో ముక్కు పెట్టుకుని, మళ్ళీ ఎత్తి, ఒక స్పూను మింగి, "ఊఁ, వెళ్తున్నాను" అంది. వెళ్ళడమంటే జ్ఞాపకంలో ఆ రెండు వాసనలనూ వెతికి పక్కపక్కన పెట్టుకోవడం. ఒక్కోసారి దొరికేవి. అప్పుడు ఆమె ముఖంలో పాత పళ్ళెం ముందరి శ్రద్ధ వచ్చేది. ఒక్కోసారి దొరికేవి కావు. ధనియాల వాసన కూడా మర్చిపోతున్నానే అని ఒకసారి చాలా నెమ్మదిగా అంది. ముక్కు రాకపోయినా పర్వాలేదు, లోపల దాచుకున్నవి కూడా పోతే తన దగ్గర ఏం మిగులుతుందని ఆమె భయం. ఆ భయం తెలిశాక నేను మాటలు ఇంకా జాగ్రత్తగా ఎంచుకున్నాను.

శామీర్‌పేట చెరువు దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెళ్తుంటే ఒక చిన్న జపాన్ హోటల్ ఉంది. ఆ పక్కనున్న మందుల కంపెనీలకు పని మీద వచ్చే విదేశీయుల కోసం పెట్టారు. అక్కడికి వెళ్ళిన మొదటి ఆదివారం, నల్లటి నాచు ఆకులో చుట్టిన అన్నం, చేప ముక్కలు చూసి జంగయ్య పక్కకు వంగాడు.

"పచ్చి చేపకు నల్ల చీర గట్టిండ్రు మేడం. చీర ఇప్పకుండనే తినాల్నా?"

అక్క నవ్వుతూనే పళ్ళెం మూల ఉన్న ఆకుపచ్చ ముద్దను చూసింది. మనవాళ్ళకు పళ్ళెంలో మూల ఉన్న ముద్ద ఏదైనా పచ్చడే. మొదటి ముద్ద పచ్చడితో కలుపుకోవడం పుట్టినప్పటి నుంచి చేతికున్న అలవాటు. నాచు విప్పి, ఆ అన్నంలో ఆకుపచ్చ ముద్దంతా వేసి, వేళ్ళతో పిసికి కలిపి నోట్లో పెట్టుకుంది. వడ్డించే మణిపురి అమ్మాయి, అది ఆవపిండి కన్నా ఘాటని చేతులూపుతూ పరిగెత్తుకొచ్చేసరికి అయిపోయింది.

అక్క కుర్చీలో వెనక్కి పడింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. జంగయ్య నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దాన్ని తోసేసి రెండు చేతులతో ముక్కు పట్టుకుంది.

"ఇక్కడ," అంది. "ఇక్కడ తెలిసిందే. నాలిక మీద కాదు. లోపల."

వెంటనే మోచేయి ఎత్తి ముక్కు ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.  

ఆ తర్వాత మూడు ఆదివారాలు వేరే హోటల్ మాట ఎత్తలేదు. ప్రతిసారీ ఆ ఆకుపచ్చ ముద్ద గోరంత తీసుకుని, కళ్ళు మూసుకుని, ముక్కులో అది పైకెక్కడం చూసేది. కొంపల్లిలో ముక్కు డాక్టరు మాత్రం అది వాసన కాదన్నాడు. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండినట్టు అదొక మంట, దాని నరం వేరు అన్నాడు. అక్క తల ఊపింది, పొడికి ఊపినట్టే. 

అప్పటి నుంచి ఇంట్లో ఇంకొకటి మొదలైంది. ఉదయం లేవగానే పిలిచేది. పోపు వాసన వస్తోంది, పొయ్యి మీద ఏం పెట్టావే అనేది. నేనింకా పళ్ళు తోముకుంటూ ఉండేదాన్ని. పొయ్యి చల్లగా ఉండేది. కింది వాటా వాళ్ళు ఊరెళ్ళి వాళ్ళ ఇల్లు తాళం వేసి ఉంది. ఆమె మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి ఆవాలు, మినప్పప్పు, ఆ తర్వాత ఇంగువ అని ఒక్కొక్కటీ వరసగా చెప్పేది. ఇది కోలుకుంటున్న ముక్కు చేసే మోసం కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు డాక్టరు. లేని వాసన రావడం రోగమైతే ఇది మంచి రోగమే అంది అక్క.

ఏప్రిల్లో ఒక శనివారం సాయంత్రం, రేపు బయటికి వద్దు, నేను వండుతాను అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. పోపు గిన్నె తోమించి పెట్టుకుంది. పళ్ళెంలో ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు విడివిడిగా సర్దుకుంది. మర్నాడు పొద్దెక్కినా లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. జంగయ్య ఎప్పటిలా గేటు దగ్గర హారన్ కొట్టాడు. నేను కిందికి వెళ్ళి చెప్పాను.

ఆ పళ్ళెం చాలా రోజులు తీయలేదు. కరివేపాకు ఎండి నల్లబడింది. పొద్దున్నే ఒక్కోసారి నాకూ ఆ వాసన వస్తుంది. లేచి వెళ్తాను. పొయ్యి చల్లగా ఉంటుంది. ఆవాల తర్వాత మినప్పప్పు, దాని తర్వాత ఇంగువ. ఆ వరస ఆమెదే, నాకు అలా విడదీసి చెప్పడం రాదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం జంగయ్య పిలవకుండానే వచ్చాడు. ఎక్కడికని అడగకుండా ఎక్కాను. శామీర్‌పేట చెరువు నిండి ఉంది. హోటల్లో మణిపురి అమ్మాయి మా పాత బల్ల దగ్గర మూడు పళ్ళేలు పెట్టి, మా ఇద్దరినీ చూసి ఆగింది. తీయొద్దని చెప్పాను.

జంగయ్య కాసేపు జపాన్ వాళ్ళు స్పూనుకు బదులు వాడే పుల్లలతో ఆడుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండా, మా ఇంటామె చెప్పొద్దన్నది, అయినా చెబుతున్నా అన్నాడు.

"పోయే ముందు శనారం పొద్దుగాల పెద్దమేడం మా దుర్గ కొంగు వట్టుకొని వాసన జూసిందట. ఇయ్యాల మీ ఇంట్ల చింతచిగురు వండినవా అని అడిగిందట."

"వండిందా?"

"వండింది. బువ్వ దిని, ఆ కొంగుకే మూతి తుడుసుకొని వచ్చింది." అతను పుల్లలు పక్కన పెట్టాడు. "అవునంటే పెద్దమేడం నవ్విందట. చిన్నదానికి జెప్పకు, రేపు నేనే జెప్త అన్నదట."

 ఏప్రిల్లో గౌడవెల్లిలో చింతచిగురు వండని ఇల్లు ఉండదు. అక్కకు అది తెలుసు. ఊరికే అని చూసి ఉండొచ్చు. లేదా నిజంగానే ఆ కొంగులోంచి పులుపు, పచ్చిదనం, ఆకు మీది ఎండ అన్నీ తిరిగొచ్చి ఉండొచ్చు, ఆ ఒక్కరోజూ వాటిని ఎవరికీ చెప్పకుండా దాచుకుని పోపు పళ్ళెం సర్దుకుని ఉండొచ్చు. రెండిటిలో ఏదో తెలుసుకోవడానికి ఇక ఎవరినీ అడగలేను.

నా పళ్ళెం మూలలో ఆకుపచ్చ ముద్ద ఉంది. అంతా అన్నంలో వేసి వేళ్ళతో కలిపాను. మణిపురి అమ్మాయి దూరం నుంచి చూస్తూ ఊరుకుంది. నోట్లో పెట్టుకున్నాను. నుదుటి వెనక ఎవరో తలుపు తోసినట్టయింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఎట్లున్నది చిన్నమేడం?" అన్నాడు జంగయ్య.

చెప్పడానికి మాటలు చాలా ఉన్నాయి. ఆమె నేర్పినవే. అవేవీ వాడలేదు.

"బాగుంది," అన్నాను.

జంగయ్య తినడం ఆపాడు. ఇద్దరం ఖాళీ కుర్చీ వైపు తిరిగి, స్పూను కింద పెట్టే చప్పుడు కోసం చూస్తూ కూర్చున్నాం.