మూసిన తలుపుల వెనక మాట

1996 ఎండాకాలం. సూరత్‌లో ఒక కోర్టులో నేను ఇంటర్‌ప్రెటర్‌ని. తెలుగువాళ్ల సాక్ష్యాన్ని జడ్జిగారికి గుజరాతీలో చెప్పడం నా పని. సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు నడిపే తెలంగాణవాళ్లు ఊరినిండా ఉండేవారు కాబట్టి నాకు తీరికుండేది కాదు.

ఆ రోజు మల్లేశం, రాజవ్వల విడాకుల కేసు. జడ్జిగారు 'ఇన్ కెమెరా' అన్నారు. అంటే తలుపులు మూసి, సంబంధం లేనివాళ్లను పంపేసి జరిపే విచారణ. లోపలి మాట బయటికి పొక్కకూడదు. రాజవ్వ కొంగు సర్దుకుని, "ఫోటో గిట్ల దిగాల్నా మేడం?" అని అడిగింది.

కేసు వేసింది మల్లేశమే. తీరా లోపలికొచ్చాక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"కోపంల ఏసిన సార్. ఆమె లేక బుక్క దిగుతలేదు. ఒక్కన్నే కూసోని ఏడుస్తున్న."

రాజవ్వ తలవంచుకుని నవ్వింది. ఇక కేసు తేలిపోయినట్టేనని అందరం అనుకున్నాం.

తర్వాతి వాయిదా నాడు మల్లేశం మండిపడుతూ వచ్చాడు. "కార్ఖానల అందరు 'ఏడుపు బందైందా మల్లన్నా' అంటున్నరు. గీమెనే చెప్పింది. నాకు విడాకులే కావాలె."

"నేనెందుకు చెప్త? నా మొగని ఇజ్జత్ నాది గాదా?" అంది రాజవ్వ.

జడ్జిగారి చూపు బంట్రోతు రమణ్‌భాయ్ మీద పడింది. మొన్న తలుపు దగ్గర నిలబడింది అతనొక్కడే. "భోజనాలయ్యాక నీ సంగతి చూస్తాను" అన్నారు. పాపం, పెద్దాయన ముఖం పాలిపోయింది.

నాకు మనసొప్పక కోర్టు వెనక టీ బండి దగ్గరికి నడిచాను. పై అంతస్తులోని మా కోర్టు గది నుంచి ఇంకో కేసు సాక్షి గొంతు ఖంగున వినిపిస్తోంది! కొందరు కూలీలు గ్లాసులు పట్టుకుని చెవులు రిక్కించారు.

"రోజూ గిట్లనే ఇనవడతదా?" అన్నాను.

"కూలర్ ఖరాబైనంక కిటికీ తెరుస్తున్నరు మేడం. రేడియో లెక్కనే! మొన్న మల్లన్న ముచ్చట గూడ గిట్లనే ఇన్నం" అన్నాడు ఒకతను. మల్లేశం కార్ఖానావాడే.

సాంచాల మోతలో బతికేవాళ్లకు గొంతు తగ్గించడం ఎలా తెలుస్తుంది?

సంగతి చెబితే జడ్జిగారు నమ్మలేదు. తానే కిందికి వెళ్లి టీ బండి దగ్గర నిలబడ్డారు. పైన మల్లేశం చేత పేరు చెప్పించాం. మరుక్షణం కింది నుంచి జడ్జిగారి నవ్వు మాకూ వినిపించింది. పైకి రాగానే, "రమణ్‌భాయ్, మాఫ్ కరజో" అని క్షమాపణ అడిగారు.

కిటికీ మూసి, మొగుడూపెళ్లాల కుర్చీలు దగ్గరికి జరిపించి, మెల్లగా మాట్లాడమన్నారు. మల్లేశం రాజవ్వ చెవి దగ్గరికి వంగి ఏదో గొణిగాడు. ఆమె అతని భుజం మీద ఒక్కటేసి పకపకా నవ్వింది.

"ఏమన్నాడు?" అన్నారు జడ్జిగారు.

"నాకు వినబడలేదు సార్" అన్నాను. నిజంగానే వినబడలేదు. కేసు వాపసైంది.

గుట్టు బయటపడగానే ఎవరు చెప్పారని మనిషి కోసం వెతుకుతాం. ముందు గది చూసుకోవాలని, ఆ తర్వాతే మనిషిని అనుమానించాలని నాకు నేర్పింది ఆ కేసే.