చాచా ఏ జట్టు మనిషి?

చాచా పోయాడన్న కబురు కోరుట్ల నుంచి ఆయన పెద్దకొడుకు పంపిన వాయిస్ మెసేజ్‌లో వచ్చింది. సెలవు మీద ఇంటికి వెళ్ళి ఇరవై రోజులు కూడా కాలేదు. పొద్దున చాయ్ తాగి, ఛాతీలో మంటగా ఉందని పడుకున్నాడట. మళ్ళీ లేవలేదు. మెసేజ్ చివర్లో కొడుకు, "దుబాయ్‌ల ఐసు ఫ్యాక్టరీల అబ్బాతోని చేసెటోళ్ళందరికి చెప్పుండ్రి అన్నా" అన్నాడు. మేముండేది దోహాలో. పని చేసేది ఐసు ఫ్యాక్టరీలో కాదు, ఒక పెద్ద మాల్ లోపల ఉన్న మంచు మైదానంలో. కానీ చావు కబురుకు తప్పులు దిద్దేదేముంది? అందరికీ చెబుతానన్నాను.

చదివేవాళ్ళకు చాచా ఎవరో ముందు చెప్పాలి. మా మైదానంలో మామూలు రోజుల్లో పిల్లలు బ్లేడ్ల బూట్లు వేసుకుని జారుతారు. శుక్రవారం సాయంత్రాలు మాత్రం ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే కెనడా, స్వీడన్ వాళ్ళు ఐస్ హాకీ ఆడతారు. ఆట సగంలోనే మంచు నిండా గీతలు పడిపోతాయి. అప్పుడు చాచా పెద్ద బండి ఎక్కి, అంచుల నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతూ పైపొర గీకి, నీళ్ళు పరిచి, మళ్ళీ అద్దంలా చేసేవాడు. బండి ఎక్కే ముందు ఉన్ని టోపీ సర్దుకుని బిస్మిల్లా అనుకునేవాడు. మంచు మీద ఇంకా ఎవరైనా తచ్చాడుతుంటే "యల్లా, యల్లా" అని తరిమేవాడు. నా పని ఆ బూట్ల బ్లేడ్లకు సాన పట్టడం. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, లోపల మేమిద్దరం స్వెట్టర్లలో.

చేరిన మొదటి వారం ఆయన బండిలో నీళ్ళు నింపమంటే చల్లనీళ్ళు నింపాను. మంచుకు చల్లనీళ్ళు కాక మరేం పోస్తారు? చాచా టాంకు మీద చెయ్యి పెట్టి చూసి, మొత్తం పారబోయించాడు. "సల్లనీళ్ళు పైపైన గడ్డకడ్తయి తమ్మీ. ఉడుకునీళ్ళయితెనే లోపటికి దిగి అతుకుతయి" అన్నాడు. నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా ఉడుకునీళ్ళే పోస్తాను.

ఆయన జీవితంలో ఆకాశం నుంచి మంచు పడటం చూడలేదు. హాకీ కర్ర పట్టలేదు. ఇంగ్లీషు చదవడం రాదు. కానీ అమెరికా, కెనడా ప్రొఫెషనల్ లీగ్‌లో ఏ జట్టు ఎక్కడుందో ఆయనకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు. జెర్సీల మీది బొమ్మలు, ఫోన్‌లో అంకెలు, ఆ రెండే ఆయనకు ఆధారం. అక్కడి సాయంత్రం మ్యాచ్‌లు ఇక్కడ తెల్లవారేసరికి అయిపోతాయి. ఫజర్ నమాజు కాగానే ఫలితాలు చూసుకునేవాడు. మా గదులుండే అల్ మన్సూరాలో, మమ్మల్ని పనికి తీసుకెళ్ళే డ్యూటీ బండి ఎక్కి, నా పక్కన కూచుని, థర్మాస్ మూత తీస్తూ, "మనోళ్ళు ఓడిండ్రు తమ్మీ" అనేవాడు.

మనోళ్ళంటే నా ఎర్ర జెర్సీ జట్టు. నేను దాన్నెందుకు ఎంచుకున్నానో చెబితే నవ్వుతారు. చాచా నాకు ఫోన్‌లో చూపించిన మొదటి మ్యాచ్‌లో అది గెలిచింది. ఆ తర్వాత గెలవడం మానేసింది. అయినా చాచా కూడా అదే జట్టు కదా అని వదల్లేదు. ఇద్దరం కలిసి ఓడుతున్నామంటే ఓటమి అంత చేదుగా ఉండదు.

అక్కడ ఆటగాళ్ళను జట్ల వాళ్ళు ఇచ్చిపుచ్చుకుంటారు. ఒక ఊళ్ళో పడుకున్నవాడు తెల్లవారేసరికి ఇంకో ఊరి జట్టు మనిషి అయిపోతాడు. అలాంటి వార్త వచ్చిన రోజు చాచా చాయ్ కూడా సరిగా తాగేవాడు కాదు. "మన లెక్కనే. కంపెనీ ఎటు పొమ్మంటె అటు పోవాలె. పెండ్లాం పిల్లల్ని ఎవ్వడడుగుతడు" అనేవాడు. ఆ లీగ్‌లో ఆయనకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఆట సమమై, అదనపు సమయంలో ఓడిపోతే, ఓడిన జట్టుకు కూడా ఒక పాయింటు ఇస్తారు. ఆ సంగతి కొత్తగా ఎవరు డ్యూటీలో చేరినా తన సొంత ఘనతలా చెప్పుకునేవాడు.

కబురు వచ్చిన తర్వాతి శుక్రవారం హాకీ ఆడేవాళ్ళంతా మంచు మీద నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. తర్వాత వాళ్ళ కెప్టెన్, స్కూల్లో సైన్సు చెప్పే కెనడా ఆయన, నా దగ్గరికి వచ్చాడు. చాచా అభిమాన జట్టు జెర్సీ కొని, అందరం సంతకాలు పెట్టి, ఆయన భార్యకు పంపిద్దామనుకుంటున్నాం, ఆయన జట్టేది అని అడిగాడు. నేను ఛాతీ విరుచుకుని నా ఎర్ర జట్టు పేరు చెప్పాను.

కౌంటర్‌లో బూట్లిచ్చే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆశ్చర్యపోయింది. కాదు, ఆయనది నా నీలం జట్టే అంది. మంచు గడ్డకట్టించే చిల్లర్ ప్లాంట్ చూసే మలయాళీ అన్న కిందనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మీ ఇద్దరికీ మతిపోయిందా, చాచాది పసుపు జట్టు, ఎన్నిసార్లు నా దగ్గర కూచుని "అప్నా టీమ్ హార్ గయా" అని బాధపడ్డాడో నాకు తెలుసు అన్నాడు. కెప్టెన్ కూడా, చాచా తనతో ఆ మాటే అనేవాడని, తనది మరో జట్టని చెప్పాడు.

ఆ రోజు నాకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నా పక్కన కూచుని నా జట్టే తన జట్టన్న మనిషి, పది అడుగులు నడిచి ఇంకొకరితో అదే మాట అన్నాడా? అయితే నాతో అన్నవాటిలో ఏది నిజం? చచ్చిపోయినవాడి మీద అలగడం ఎంత తెలివితక్కువ పనో తెలుసు. అయినా రెండు రోజులు అలిగే ఉన్నాను. మరోపక్క జెర్సీ భయం. తప్పుడు జట్టు జెర్సీ ఆ ఇంటికి పంపితే, అబద్ధాన్ని మడతపెట్టి పంపినట్టే.

చివరికి ఇంటివాళ్ళకు తెలిసి ఉంటుందని ఫోన్ చేశాను. చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పైచిలుకు పరాయి మగవాళ్ళకు కనబడదు. కొడుకు ఫోన్ స్పీకర్లో పెట్టి తలుపు దగ్గర ఉంచితే, లోపల గదిలోంచి మాట్లాడింది. జట్టు పేరు ఆమెకు తెలియదు. కానీ ఒకటి చెప్పింది. "నాకు గాయన టీము పేరేం తెలుసు తమ్మీ. ఎప్పుడు ఫోన్ జేసినా మనోళ్ళు ఓడిండ్రు అనెటోడు. ఒక్కనాడన్న గెలువరా మీవోళ్ళు, గసుంటి టీము ఎందుకు వట్టినవ్ అంటే నవ్వెటోడు."

ఫోన్ పెట్టేశాక సాన రాయి ముందు కూచున్నాను. నా జట్టు గెలిచిన పొద్దులు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఎక్కువ లేవు గానీ, ఉన్నవాటిలో చాచా నా పక్క సీట్లో లేడు. వెనక మలయాళీ అన్న దగ్గర ఉన్నాడు, లేదా ముందు ఫిలిప్పీన్స్ అమ్మాయికి థర్మాస్ మూతలో చాయ్ పోస్తున్నాడు. మిగతావాళ్ళను అడిగితే వాళ్ళకూ అలాగే గుర్తుంది. అంటే ఆ తెల్లవారి ఎవరి జట్టు ఓడితే చాచా ఆ జట్టు. నా జట్టు అందరికంటే ఎక్కువసార్లు ఓడింది కాబట్టి, ఆయనకు నేనే అందరికంటే దగ్గరివాణ్ణనుకున్నాను. అది నామీద ప్రేమో, నా ఓటమి మీద జాలో ఇప్పుడు తేల్చి చెప్పే మనిషి లేడు. రెండూ ఒకటేనేమో. నాకు అర్థం కావడం లేదు.

ఈ సంగతి చెప్పాక జెర్సీ గొడవ తీరిందనుకున్నాం. లీగ్ పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుది పంపుదామన్నాడు కెప్టెన్. మాలో ఎవరిదీ కాదు ఆ జట్టు. అందరం ఒప్పుకున్నాం. అది దోహాలో దొరకలేదు. కెనడా నుంచి ఎవరో తెచ్చేసరికి నెల పట్టింది. ఆకుపచ్చ జెర్సీ, వెనక పెద్ద నంబరు. దాని మీద అందరం నల్ల మార్కర్‌తో పేర్లు రాశాం. నేను తెలుగులో రాశాను. దోహాలోనే ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉండే, కోరుట్ల పక్క మెట్‌పల్లి అతను సెలవు మీద వెళ్తుంటే ఇచ్చి పంపాం. ఆ నెలలోనే అట్టడుగు జట్టుకు ఏం పూనిందో, గెలవడం మొదలుపెట్టింది.

జెర్సీ చేరిన మర్నాడు కొడుకు వీడియో కాల్ చేశాడు. చాచీ కనబడకుండా ఫోన్‌ను పెరడు వైపు తిప్పి కిటికీలో పెట్టాడు. తెరనిండా జెర్సీయే. దండెం మీద, తడిగా. అప్పుడే ఉతికిందట.

"ఎవలో దానినిండ పిచ్చిగీతలు గీసిండ్రు తమ్మీ. సబ్బువెట్టి మస్తు రుద్దిన. సగం పోయినయి, సగం పోలేదు" అంది చాచీ గొంతు.

అవి మా పేర్లని చెప్పలేదు. బాగా ఉతికినవ్ చాచీ అన్నాను. ఆమె, ఇది గాయన టీమేనా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆమే మళ్ళీ అడిగింది.

"ఇయ్యాల ఓడిండ్రా?"

పొద్దున డ్యూటీ బండిలోనే చూశాను. ఆ జట్టు వరుసగా నాలుగో మ్యాచ్ గెలిచింది.

"ఓడిండ్రు చాచీ" అన్నాను.

"అయితె గాయనదే" అంది.

కొడుకు ఫోన్ తీయడం మరిచిపోయినట్టున్నాడు. నేనూ కట్ చేయలేదు. కోరుట్ల ఎండలో ఆ ఆకుపచ్చ జెర్సీ రెండు చేతులూ కిందికి వేలాడేసి నెమ్మదిగా ఊగుతోంది. దాని అంచు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే నేల మీద పడుతున్నాయి.